ఎవరు తెచ్చిన బోర్డు

మంట ఆ పెద్దావిణ్ణి తాకనే లేదు. ఒంటి మీద చిన్న బొబ్బ కూడా లేదని ఓడ డాక్టరు చెప్పాడు. ప్రాణం తీసింది పొగ. ఆవిడకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. ముక్కుకి మాస్కు తగిలించుకుని, గాలి పంపే మిషను పక్కన పెట్టుకుని పడుకునేది. నిన్న మధ్యాహ్నం భోజనం చేసి అలాగే పడుకుంది. మంచం పక్కన నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు రాజుకుంది. మిషను ఆ పొగనే పీల్చి, రోజూ గాలిని పంపినంత శ్రద్ధగా ఆవిడ ముక్కులోకి పంపింది.

ఈ సంగతి ఓడ ఎక్కగానే ఫ్యూజమ్మకు చెప్పారు. పాతికేళ్ళు కరెంటు ప్రమాదాల ఇనస్పెక్టరుగా చేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్న మనిషి ఆవిడ. ఎక్కడ ఏది కాలినా ముందు వెళ్ళి ఫ్యూజే చూస్తుందని తోటి ఉద్యోగులు వెనకాల పెట్టుకున్న పేరది. ఆవిడ దాన్ని ముందుకు తెచ్చుకుని, విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకుంది. ఓడ కంపెనీ వాళ్ళు పొద్దున్నే లాంచీలో తీసుకొచ్చి ఎక్కించారు. సాయంత్రానికి ఓడ రేవు చేరుతుంది. అక్కడ పోలీసులు సిద్ధంగా ఉంటారు, చనిపోయినావిడ కోడల్ని తీసుకెళ్ళడానికి.

కోడలే దోషి అని తేల్చింది ఓడ భద్రతాధికారి. ఓడలో అందరూ ఆయన్ని చీఫ్ అంటారు. నిటారుగా నడిచే మనిషి, బయటివాళ్ళు వచ్చి తన పనిలో వేలు పెట్టడం బొత్తిగా గిట్టదు. కుర్చీ కూడా చూపించకుండానే కేసు మొత్తం ఏకరువు పెట్టాడు. ఓడ ఎక్కేటప్పుడు ప్రతి పెట్టెనీ స్కానింగ్‌లో చూస్తారు. ఇస్త్రీపెట్టె, కెటిల్, నీళ్ళు కాచే హీటరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఏది కనబడినా తీసి దాచి, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. ఈ కోడలి దగ్గర ఒక బోర్డు దొరికితే తీసుకున్నారు. రెండోది ఆమె బట్టల మధ్య దాచి లోపలికి తెచ్చుకుంది. అదే కాలింది. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు, తనంతట తనే ఒప్పుకుంది.

"ఒక బోర్డు కనబడిన స్కానింగ్‌కి రెండోది ఎందుకు కనబడలేదు?" అంది ఫ్యూజమ్మ.

"స్కానింగ్ చూసేది మనిషే కదా మేడమ్. ఆ రోజు ఎంతమంది ఎక్కారో మీకు తెలీదు."

"తెలీదు. గది చూపించండి."

"ఒప్పుకున్నాక ఇంకా చూడ్డానికేముంది? మీ సంతకం ఒక్కటే బాకీ. భూమ్మీద మీ పెత్తనం ఎంతైనా ఉండొచ్చు, నీళ్ళ మీద మాత్రం నాది."

"కాలడానికి భూమీ నీళ్ళూ తేడా లేదు చీఫ్ గారూ," అని ఆవిడ అప్పటికే తలుపు దగ్గరికి నడిచింది. ఆయన పళ్ళు కొరుక్కుంటూ వెనక వచ్చాడు.

గది చిన్నది. ఓ పక్క మంచం, ఎదురుగా అద్దం బల్ల. ప్లగ్గు పెట్టుకునే చోటు ఆ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మిషను తీగ సాగదీసినా సగం దూరం కూడా రాదు. కాబట్టి ఇక్కడ ఎవరో ఒకరు బోర్డు కోసం వెతుక్కోక తప్పదు. మిషను పెద్దగా దెబ్బతినలేదు, గొట్టం మాత్రం మెత్తబడి వంకర తిరిగింది. మాస్కు పట్టీలకు చెంపలు ఒరుసుకోకుండా మెత్తటి గుడ్డ చుట్టి, చిన్న చిన్న కుట్లతో ఎవరో కుట్టారు. ఫ్యూజమ్మ ఆ కుట్లు చూసి, మాస్కును పక్కన పెట్టింది.

"ఓవర్‌లోడ్," అన్నాడు చీఫ్ గుమ్మంలోంచి. "మిషనూ, ఫోన్లూ, ఇంకా ఏవేవో ఒకే దానికి తగిలించి ఉంటారు."

ఫ్యూజమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, గోడ నుంచి బోర్డు దాకా ఉన్న తీగను వేళ్ళతో తడుముతూ వెళ్ళింది. పైతొడుగు ఎక్కడా ఉబ్బలేదు, మెత్తబడలేదు. ఓవర్‌లోడ్ అయితే తీగంతా వేడెక్కేది, గోడలో ప్లగ్గు కూడా మాడేది. ఇక్కడ కార్పెట్టు మీద పళ్ళెమంత నల్లటి మచ్చ, దాని నడిమధ్యన బోర్డు బూడిద. మంట బోర్డు కడుపులోనే పుట్టింది. ఆవిడ పటకారుతో బూడిదను ముక్కముక్కగా విడదీసింది. ఆరు ప్లగ్గులకు సరిపడా ఇత్తడి నాలుకలు దొరికాయి. వాటి పక్కనే నాణేల్లాంటి బిళ్ళలు కొన్ని. ఒక బిళ్ళ రెండుగా పగిలి ఉంది.

"ఇది మామూలు బోర్డు కాదు, స్పైక్ బోర్డు," అంది ఆవిడ. "కరెంటు ఒక్కసారిగా ఎగదన్నితే టీవీ కాలిపోకుండా ఈ బిళ్ళలు అడ్డుకుంటాయి. ఇంట్లో మంచివే. ఓడలో మాత్రం ఇవే ప్రమాదం."

చీఫ్ నమ్మలేనట్టు చూశాడు. ఆవిడ విడమరిచి చెప్పింది. ఇళ్ళల్లో రెండు తీగల్లో ఒకటి నేలతో కలిసే ఉంటుంది. ఓడలో అలా కాదు, రెండు తీగలూ కరెంటువే, రెంటినీ ఓడ ఇనుముకి తగలకుండా ఉంచుతారు. ఎక్కడైనా ఒక తీగ ఇనుముకి తగిలినా ఓడ ఆగకూడదు కాబట్టి కరెంటు పోదు, ఇంజను గదిలో ఒక హెచ్చరిక దీపం వెలుగుతుందంతే. కానీ ఆ క్షణం నుంచీ ఓడలోని ప్రతి స్పైక్ బోర్డు బిళ్ళల మీదా మామూలు కంటే ఎక్కువ భారం పడుతుంది. అవి కిమ్మనకుండా వేడెక్కుతాయి. నిన్న లాండ్రీలో ఒక మిషనులోకి నీళ్ళు దిగి, మధ్యాహ్నమంతా ఆ హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉందని ఓడ ఎలక్ట్రీషియన్ పొద్దున్నే చెప్పాడు.

"బోర్డులు ఎందుకు లాక్కుంటున్నారో మీకెవరూ చెప్పలేదా?"

"తీసుకోమన్నారు, తీసుకుంటున్నాం," అన్నాడు చీఫ్ పొడిగా.

ఫ్యూజమ్మ మళ్ళీ బూడిదలోకి వంగింది. బోర్డు మొదట్లో, కాలిన తీగ కొస చుట్టూ సన్నటి ఉక్కు తీగ ఒకటి బిగించి ఉంది. చేత్తో మెలేసినది కాదు. మెలికలన్నీ ఒక్క తీరుగా, కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి. దాన్ని తీసి కవర్లో వేసుకుంది. ఇత్తడి గురించీ బిళ్ళల గురించీ నోరు విప్పి ఒక్క ప్రశ్న వేయని చీఫ్, ఇప్పుడు మాత్రం ముందుకి వంగాడు.

"అదేంటి మేడమ్?"

"ఏదో తీగ ముక్క," అని ఆవిడ లేచి చీర దులుపుకుంది.

కోడల్ని అదే అంతస్తులో ఖాళీగా ఉన్న గదిలో ఉంచి, బయట ఒక కాపలా మనిషిని పెట్టారు. ముప్పై దాటిన మనిషి, మందుల షాపు నడుపుతుంది. కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి గానీ గొంతు మాత్రం స్థిరంగా ఉంది. అడిగినవాటికి అడిగినంతే చెప్పింది. అత్తగారికి భోజనం పెట్టించి, మాస్కు తగిలించి, స్విచ్ వేసి, నిద్ర పట్టాక బట్టలు ఉతకడానికి ఇచ్చి రావడానికి వెళ్ళింది. భర్త పైన డెక్కు మీద ఉన్నాడు. అలారం విని ఇద్దరూ పరిగెత్తుకొచ్చేసరికే ఓడవాళ్ళు తలుపు పగలగొట్టారు. అప్పటికే అంతా అయిపోయింది.

"మాస్కు పట్టీలకి గుడ్డ కుట్టింది నువ్వేనా?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. తల ఊపింది. "చెంపలు కమిలిపోతున్నాయని గొడవ చేసేవారు. కుట్టాక, నా ముక్కుకి పట్టుచీర కట్టావే అని నవ్వేవారు." 

బోర్డు ఎక్కడ కొన్నావని ఫ్యూజమ్మ అడిగింది. పక్క షాపులో. ఏ రంగు? తెలుపు. ఎన్ని ప్లగ్గులు పడతాయి?

"మూడు," అంది కోడలు వెంటనే. మరుక్షణం తప్పు చేసినట్టు పెదవి కొరుక్కుంది.

"కాలిన బోర్డుకి ఆరు పడతాయమ్మా."

"నాకు సరిగ్గా గుర్తులేదు. ఎన్నో ఒకటి. బోర్డు నాదే, దాచిందీ నేనే, పెట్టిందీ నేనే. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి."

తప్పు తన మీదకి రాకుండా నీళ్ళు నమిలేవాళ్ళని ఫ్యూజమ్మ లెక్కలేనంతమందిని చూసింది. తప్పు ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని గుండెకి హత్తుకునే మనిషిని చూడ్డం మాత్రం ఇదే మొదలు. ఇంకా నొక్కితే ఈ పిల్ల ఇంకా బిగుసుకుపోతుందని అర్థమై, ఊరుకుని బయటికొచ్చేసింది.

భద్రతా విభాగం సామాన్ల గది తెరవడానికి చీఫ్ చాలాసేపు తాళం చెవి వెతికాడు. అది ఆయన నడుముకే వేలాడుతోందని ఫ్యూజమ్మే చూపించాల్సి వచ్చింది. లోపల అరల నిండా ఇస్త్రీపెట్టెలు, కెటిళ్ళు, జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు. ఏది చూసినా చుట్టగా చుట్టిన తీగ, దానికి చిన్న అట్టముక్క. అట్టముక్కను కట్టింది దారంతో కాదు, ఉక్కు తీగతో. బల్ల మీద ఆ తీగను మెలితిప్పి కత్తిరించే పనిముట్టు కూడా ఉంది. దారమైతే జనం పుటుక్కున తెంపేస్తారని చీఫ్ సొంతంగా పెట్టిన పద్ధతి అది. ఇంకే ఓడలోనూ లేదని కొత్తవాళ్ళకి గొప్పగా చెప్పుకునేవాడు.

కోడలి గది నంబరు రాసిన అట్టముక్క కింది అరలో దొరికింది. తెల్ల బోర్డు, మూడు ప్లగ్గులది. ఫ్యూజమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, పక్కన తన కవరు బోర్లించింది. కాలి నల్లబడ్డ ఉక్కు మెలికా, కొత్త ఉక్కు మెలికా పక్కపక్కన పడ్డాయి. రెండూ ఒకే పనిముట్టు వేసిన మెలికలు.

"ఈ పిల్లకి ఉన్నది ఒక్కటే బోర్డు. అది ఇదిగో. కాలిన బోర్డు ఈ గదిలోంచి వెళ్ళింది. ఎవరిచ్చారు?"

చీఫ్ మీసం మీద చెమట పట్టింది. తలుపు మూసి వచ్చి, ఇందాక ఆవిడకి చూపించని కుర్చీలో తనే కూలబడ్డాడు.

"చనిపోయినావిడ కొడుకు వచ్చాడు మేడమ్. ఎక్కిన రోజే. అమ్మ మిషను మంచం దాకా రావట్లేదు, రాత్రికి ఎలా పడుకుంటుందని అడిగాడు. అలాంటివాళ్ళకి ఇవ్వడానికి ఓడవాళ్ళ సాదా బోర్డులు ఉంటాయి. అన్నీ అయిపోయాయి. పెద్దావిడ, ఊపిరి సమస్య. ఉత్త చేతులతో ఎలా పంపను? అందుకని అరలో చూసి, అన్నింట్లోకీ ఖరీదైంది, ఎర్ర దీపం ఉన్నది ఏరి ఇచ్చాను. అట్టముక్క చింపేశాను, తీగ తియ్యడం మరిచిపోయాను. ఎవరికీ చెప్పొద్దన్నాను, పక్కవాళ్ళ సామాను కాబట్టి. మంచిదని ఏరి ఇచ్చాను మేడమ్."

అది అబద్ధం కాదని ఆయన ముఖమే చెబుతోంది. జాలి వేసింది ఫ్యూజమ్మకి. కానీ దాని వెనకే ఒళ్ళు మండింది. "నిన్న బూడిద చూడగానే ఏ బోర్డో మీకు తెలిసింది. అయినా ఆ పిల్ల నాదే అంటుంటే విని ఊరుకున్నారు."

"ఆమె ఎందుకలా అందో నాకు ఇప్పటికీ తెలీదు. నేను అడగలేదు." ఆయన తల ఎత్తలేదు. "అడిగితే మాట మార్చేస్తుందేమోనని భయపడ్డాను."

ఫ్యూజమ్మ అరల వైపు తిరిగింది. ఇన్ని కెటిళ్ళు, ఇన్ని ఇస్త్రీపెట్టెలు ఉన్న గదిలో బోర్డుల అర మాత్రం సగం ఖాళీగా ఉంది. దుమ్ములో పొడుగాటి గుర్తులు కనిపిస్తున్నాయి. 

"ఇంకా ఎవరికిచ్చారు?"

"అడిగిన వాళ్ళకి. ఊపిరి మిషన్లు ఉన్నవాళ్ళకి, ముసలివాళ్ళకి."

"ఏ ఏ గదులు?"

"ఇవ్వకూడనివి కదా. ఎక్కడా రాసుకోలేదు."

భోజనాలయి చాలాసేపయింది. నిన్న ఆ పెద్దావిడ పడుకున్న వేళే ఇది. లాండ్రీ మిషను బాగుచేశారట, కానీ సముద్రం మీద తడి ఎప్పుడు ఎక్కడ దిగుతుందో ఎవరు చెప్పగలరు? గదులన్నింటికీ ఒకేసారి కరెంటు ఆపించేద్దామన్నాడు చీఫ్. ఆపితే నిద్రపోతున్నవాళ్ళ ముఖాల మీదే మిషన్లు ఆగిపోతాయి, ముందు వాళ్ళు మేలుకోవాలి అంది ఆవిడ. అయితే మైకులో, ఎవరి బోర్డులు వాళ్ళు తీసెయ్యమని చెబుతానన్నాడు.

"అలా చెబితే ఎవరు తీస్తారు? మీ దగ్గర తీసుకున్నవాళ్ళు, ఇవి ఓడవాళ్ళు ఇచ్చినవి కదా, వీటికేం భయం లేదని హాయిగా పడుకుంటారు. మీ నోటితో మీరే చెప్పాలి. నేనిచ్చినవే తియ్యండి, నిన్న కాలింది అలాంటిదే అని."

చీఫ్ ఆ నల్లటి తీగ ముక్కను చూశాడు. ఉద్యోగం, పేరు, బహుశా జైలు. ఆయన కళ్ళల్లో అవన్నీ ఒకటొకటిగా కదలడం ఫ్యూజమ్మకి కనిపించింది. చివరికి లేచి, టోపీ పెట్టుకుని, మైకు ఉన్న పై అంతస్తుకి బయల్దేరాడు. కోడలి గది తాళం చెవి అడక్కుండానే ఆవిడ చేతిలో పెట్టాడు.

ఫ్యూజమ్మ తలుపు తీసి జరిగింది చెబుతుంటే, కోడలి ముఖంలో ఊరట బదులు భయం కమ్ముకుంది. చప్పున లేచి ఆవిడ చేతులు పట్టుకుంది.

"ఆయనకి చెప్పకండి. మీకు దండం పెడతాను, ఆయనకి మాత్రం చెప్పకండి."

అప్పుడు వచ్చింది అసలు సంగతి. నిన్న వరండాలో తల్లిని బయటికి మోసుకొచ్చాక, ఆయన గోడకేసి తల బాదుకోవడం మొదలుపెట్టాడు. నేను తెచ్చిన బోర్డే, నా చేత్తో తెచ్చి పెట్టాను అంటూ. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. సముద్రంలోకి దూకాలని రెయిలింగు వైపు పరిగెత్తాడు. అప్పుడు ఈమె నోటికొచ్చింది అనేసింది. మీరు తెచ్చింది తీసేశాను, నేను దాచి తెచ్చుకున్నది పెట్టాను, కాలింది నాదే అని. ఆయన టక్కున ఆగిపోయాడు. చెంప మీద ఒక్కటి కొట్టి, ఇక నీ ముఖం చూడనన్నాడు.

"కొట్టాక నిలబడ్డారు మేడమ్. నా మీద కోపంతో రాత్రంతా బతికున్నారు. అది చాలు నాకు. జైలైనా పర్లేదు."

 ఇంత పెద్ద అబద్ధాన్ని చెడగొట్టడానికి తనకేం హక్కుందని ఫ్యూజమ్మకు అనిపించింది. కానీ హక్కుతో పని లేని సంగతి ఇంకొకటుంది. ఆ అరలో ఖాళీ చోట్ల గురించి చెప్పింది. ఈ క్షణంలో ఏయే తలుపుల వెనక ఎవరి అత్తగార్లు, ఎవరి నాన్నలు మాస్కులు పెట్టుకుని పడుకున్నారో ఎవరికీ తెలియదని చెప్పింది. మైకులో ఆ మాట చెప్పక తప్పదు. చెబితే ఆయన కూడా వింటాడు.

కోడలు ఆవిడ చేతులు వదిలేసింది. ఎంతమంది అని గానీ, ఎందుకు అని గానీ అడగలేదు.

"మైకులో వినకూడదు ఆయన," అంది చివరికి. "నేను చెప్తాను. కాస్త ఆపమనండి."

"ఆపలేనమ్మా. ఒక్క నిమిషం కూడా."

"అయితే పదండి."

ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు. కాపలా మనిషి అడ్డం రాబోతే ఫ్యూజమ్మ చేత్తో పక్కకి తప్పించింది. భర్తను ఉంచిన గది పై అంతస్తులో, వరండా చివర. ఇద్దరూ మెట్లెక్కి వరండాలోకి తిరిగేసరికి పైకప్పులో స్పీకరు గరగరలాడింది.

చీఫ్ గొంతు వణకలేదు. గదుల్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులన్నీ తక్షణం గోడ నుంచి పీకెయ్యమన్నాడు. పక్క గదుల్లో పడుకున్నవాళ్ళని తలుపు కొట్టి లేపమన్నాడు. "మీరు తెచ్చుకున్నవే కాదు. సెక్యూరిటీ ఆఫీసులో నేను ఇచ్చినవి ముందు తియ్యండి. నిన్న గదిలో కాలిపోయింది నేనిచ్చిన బోర్డే. ఆ గదివాళ్ళ తప్పేమీ లేదు."

కోడలు పరిగెత్తింది. వరండాలో ఒకదాని వెనక ఒకటి తలుపులు తెరుచుకున్నాయి. ఒక ముసలాయన మాస్కు మెడలోకి జారవేసుకుని, ఎర్ర దీపం బోర్డును తీగతో వేలాడదీసుకుంటూ బయటికొచ్చాడు. బోర్డు అంచులు మాడి గోధుమరంగులోకి తిరిగాయి. ఎక్కడ తగులుతుందోనన్న భయంతో దాన్ని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. ఇందాకటినుంచి వేడిగానే ఉందమ్మా, మామూలే అనుకున్నాను అన్నాడు. ఫ్యూజమ్మ దాన్ని అందుకుని తన కొంగుతో పట్టుకుంది.

ఆఖరి గది తలుపు తెరిచే ఉంది. భర్త గుమ్మంలో నిలబడి స్పీకరు వైపే చూస్తున్నాడు. నిన్నటి చొక్కానే, నుదుటి మీద దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. భార్య వచ్చి ఎదురుగా నిలబడితే కళ్ళు మెల్లగా ఆమె మీదకి దించాడు.

"నేను తెచ్చింది తీసేశానన్నావు," అన్నాడు.

ఆమె ఆయన రెండు మణికట్లూ గట్టిగా పట్టుకుంది. లోపలికి పదండి అంది. ఆయన కదల్లేదు.

"తీసేసి ఎక్కడ పెట్టావు? చూపించు."

ఆమె పట్టు వదల్లేదు. ఆయన గుమ్మంలోనే కింద కూర్చుండిపోయాడు. ఆయనతో పాటే ఆమె కూడా కూర్చుంది.